ఆ కర్రలు కోసింది మేమే

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ వచ్చే ఆదివారం మీటింగు లోపల చదవండి. అన్న చెబుతుంటే తమ్ముడు టైపు చేసింది ఇది. ఇద్దరం ఒప్పుకున్న మాటలే పెట్టాం, అందుకే అంతటా ‘మేము’ అని ఉంటుంది.

పోయిన మీటింగులో క్రీడల సహాయనిధి లెక్క వచ్చినప్పుడు మన క్యాడీ అన్న కూతురి మాట వచ్చింది. మూడేళ్లుగా నిధి నుంచి ఆ పాప గోల్ఫ్‌కు ఇస్తున్నాం. మొదటి ఏడాది రెండు కప్పులు తెచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. “ఈసారి వేరే పిల్లలకు ఇద్దాం” అని ఒకరు అన్నారు. “పాపకు ఆట మీద ధ్యాస పోయింది, వయసు అట్లాంటిది” అని ఇంకొకరు అన్నారు. ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. అందరి పిల్లల గురించీ ఆలోచించే అన్నారు. మేం వెనక వరుసలో మజ్జిగ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సింది మేమే. ఎందుకంటే ఆ పాప ఆట ఎక్కడ చెడిందో అప్పటికి పది రోజుల ముందే మాకు తెలిసింది.

ఆ రోజు నోరు తెరవనిది సిగ్గు వల్ల. ఈ రోజు రాస్తున్నది ఆ సిగ్గు నిద్ర పట్టనీయక.

మా పని సంగతి చాలామందికి తెలుసు. దొమ్మలూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు. గోల్ఫ్ కర్రలకు గ్రిప్పులు మార్చడం, షాఫ్టులు మార్చడం, పొడుగు తగ్గించడం, పెంచడం. క్లబ్బు అంటే మైదానమో కర్రో తెలియదు కాబట్టి మేం స్టిక్కు అంటాం, ఇంట్లో మాత్రం కర్రే. ఈ పని మాకు తాత నుంచి వచ్చింది. తాత ముళబాగిలు పక్క పల్లె నుంచి కోలారు బంగారు గనులకు పోయిన వడ్రంగి. గనిలో రాయి కూలకుండా దూలాలు నిలబెట్టే పని. జాన్ టేలర్ కంపెనీ వాళ్లు 1880లో అక్కడ కాలు పెట్టారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలు తమకు క్లబ్బు కట్టుకున్నారు, గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. ఆ దొరల కర్రలు విరిగితే చెక్క పని తెలిసిన మా తాత దగ్గరికి పంపేవాళ్లు.

అప్పట్లో షాఫ్టు అంటే హికరీ చెక్క. అమెరికాలో పెరిగే చెట్టు. ఇనుప షాఫ్టుకు బ్రిటన్ వైపు ఆట నియమాలు రాసే ఆర్ అండ్ ఏ వాళ్లు ఒప్పుకున్నది 1929లో. ఒప్పుకున్నాక కూడా చెక్క వెంటనే పోలేదు. 1930లో అమెరికా బాబీ జోన్స్ ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద పోటీలూ గెలిచింది హికరీ కర్రలతోనే. చెక్క షాఫ్టులో ఒక సుగుణం ఉంది. అది మనిషికి తగ్గట్టు చేయించుకునే వస్తువు. గట్టిగా ఉంటే గాజు పెంకుతో సన్నగా గీకాలి. గీకిన కొద్దీ వంగుతుంది. ఎక్కువ గీకితే మళ్లీ అతకదు, అంతే. మా తాత అడిగిన వెంటనే గీకేవాడు కాదంట. దొర కొట్టేది రెండు సార్లు చూడాలి అనేవాడు. మైదానం కంచె పక్క నిలబడి చూసి వచ్చి, ఆ తర్వాతే పెంకు చేతికి తీసుకునేవాడు. “కర్రను చూస్తే ఏం తెలుస్తుందిరా, పట్టుకునేవాణ్ణి చూడాల” అనేవాడని మా నాయన చెప్పేవాడు.

ఈ మాట మేం చాలాసార్లు చాలామందికి చెప్పాం. షెడ్డుకు వచ్చిన కస్టమర్లకు కాఫీ ఇచ్చి మరీ చెప్పాం. మేం మాత్రం పాటించలేదు.

ఇప్పుడు 2022 ఉగాదికి రండి. అంతకు ముందు ఏడాది ఆగస్టు 7 మీ అందరికీ గుర్తే ఉంటుంది. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో చివరి రోజు దాకా పతకం కోసం పోరాడింది. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా తెల్లారేసరికి టీవీలు పెట్టారు. ఒక్క దెబ్బ తేడాతో కంచు పోయి నాలుగో స్థానం వచ్చింది. వాళ్లమ్మే బ్యాగు మోసింది. ఆ రోజు నుంచి మన వీధుల్లో ఆడపిల్లల తండ్రులు మా షెడ్డుకు రావడం మొదలైంది. అందులో మన క్యాడీ అన్న ఒకడు. ఇరవై ఏళ్లుగా ఇంకొకరి బ్యాగు మోసిన మనిషి. మన ఊరి ముణియప్ప క్యాడీగా మొదలుపెట్టి 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సంగతి ఆయనకు కంఠతా వచ్చు. “మోసే ఇంట్లో ఆడేవాళ్లు పుట్టకూడదా అన్నా?” అని అడిగాడు. పాపకు అప్పుడు పదకొండేళ్లు, నాలుగున్నర అడుగులు.

ఒక క్లబ్బు మెంబరు కొత్త సెట్టు కొనుక్కుని పాతది మా దగ్గర పెట్టి, “ఎవరైనా పిల్లలకు ఇవ్వండి” అని పోయాడు. మంచి సెట్టు. ఏడు ఐరన్లు, ఇనుప షాఫ్టులు, మీద ‘ఎస్’ అని ముద్ర. ఆ పెద్దమనిషి ఆరడుగుల మనిషి. మేం ఏం చేశామంటే, పై నుంచి మూడంగుళాలు కోసేశాం. 38 అంగుళాల ఐదో నంబరు ఐరన్ 35 అయింది. కొత్త గ్రిప్పులు వేశాం, గులాబీ రంగువి. ఉగాది సభలో స్టేజీ మీద ఇచ్చాం. అధ్యక్షులు మాకు శాలువా కప్పారు. ఆ ఫొటో ఇప్పటికీ సంఘం పేజీలో ఉంది. పాప ఆ సెట్టును ఎట్లా పట్టుకుందో చూడండి, సంక్రాంతి గొబ్బెమ్మను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆ మూడంగుళాల కోత ఏం చేసిందో ఇప్పుడు చెబుతాం. కొంచెం ఓపిక పట్టండి.

ఇంట్లో పిల్లల స్కేలు తీసుకోండి. బల్ల అంచున సగం బయటికి పెట్టి కొసను లాగి వదలండి. టప టప అని ఊగుతుంది. ఇప్పుడు స్కేలును లోపలికి జరిపి, కొంచెమే బయటికి ఉంచి లాగండి. ఊపు బిగుసుకుంటుంది, వేగం పెరుగుతుంది. స్కేలు అదే, మారింది బయట ఉన్న పొడుగు. షాఫ్టు కూడా అంతే. పొట్టి చేసిన కొద్దీ బిరుసు అవుతుంది. మా దగ్గర దీన్ని లెక్కపెట్టే మిషను ఉంది. షాఫ్టు పై కొసను బిగించి కింది కొసను లాగి వదిలితే నిమిషానికి ఎన్నిసార్లు ఊగిందో చెబుతుంది. కింది కొస, అంటే తల దగ్గర కోస్తే ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. పై నుంచి కోస్తే తక్కువ. తక్కువే కానీ లేకుండా పోదు.

షాఫ్టు మీద ముద్రలు ఐదు రకాలు. ఎల్ అంటే ఆడవాళ్లకు, ఏ అంటే పెద్ద వయసు వాళ్లకు, ఆర్ మామూలు, ఎస్ బిరుసు, ఎక్స్ మరీ బిరుసు. ఈ అక్షరాలకు ప్రపంచంలో ఒకే కొలత లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉంటుంది. కాబట్టి అక్షరం చూసి కొనకండి. మోటుగా ఒక లెక్క ఉంది. డ్రైవరు కర్ర గంటకు 95 మైళ్లకు పైన తిప్పేవాళ్లకు ఎస్, 85 నుంచి 95 మధ్య ఆర్, 75 నుంచి 85 మధ్య ఏ, అంతకు తక్కువకు ఎల్. పదకొండేళ్ల పాపకు మేం ఇచ్చింది ఎస్. ఆ పైన కోసి ఇంకా బిరుసు చేసి ఇచ్చాం. పాపం ఆ పిల్ల పొలంలో గడ్డపార తిప్పినట్టు తిప్పింది.

మరి మొదటి ఏడాది రెండు కప్పులు ఎట్లా వచ్చాయి? మమ్మల్ని మోసం చేసింది అదే.

కర్ర తల నేల మీద బల్లపరుపుగా కూర్చోవాలి. పొడుగు మనిషి చేతులు ఎత్తులో ఉంటాయి, అతనికి వంచిన కోణం నిటారుగా ఉంటుంది. అదే తలను చిన్న పిల్ల పట్టుకుంటే చేతులు కిందికి దిగుతాయి, తల ముందు కొస గాల్లోకి లేస్తుంది, మడమ నేలకు తగులుతుంది. అట్లా తగిలితే బంతి ఎడమకు పోతుంది. షాఫ్టు ఆ మనిషికి మరీ బిరుసు, మరీ బరువు అయితే తల సమయానికి మూసుకోదు, బంతి కిందుగా కుడికి పోతుంది. అందరికీ అట్లాగే పోతుందని కాదు, చాలామందికి. ఈ పాపకు ఒక తప్పు ఎడమకు లాగింది, ఇంకో తప్పు కుడికి లాగింది. బంతి తిన్నగా పోయింది. మేం చూసి మా చేతి పని అని మురిసిపోయాం.

పిల్ల పెరిగింది. పదమూడేళ్లకు ఐదడుగులు దాటింది. కర్రలు పొట్టి అయ్యాయని తండ్రి తెచ్చాడు. మేం పైన ఎక్స్‌టెన్షన్ పెట్టి రెండంగుళాలు పొడిగించాం. ఎక్స్‌టెన్షన్ అంటే షాఫ్టు గొట్టంలోకి ఎపాక్సీ జిగురుతో దిగ్గొట్టే ముక్క. అది వంగదు. పొడుగు వచ్చింది కానీ పోయిన మెత్తదనం మొత్తం రాలేదు. వచ్చినా ఉపయోగం ఏముంది, అది మొదటి నుంచీ ఎస్ కదా. ఇక్కడ జరిగింది చూడండి. ఎత్తు పెరిగింది కాబట్టి తల నేల మీద సరిగ్గా కూర్చుంది. ఎడమకు లాగే తప్పు పోయింది. కుడికి తోసే తప్పు మిగిలింది. బంతులన్నీ కుడికి, చెట్లలోకి.

ఎవరికీ కర్ర మీద అనుమానం రాలేదు. అవే కర్రలు, రెండు కప్పులు తెచ్చిన కర్రలు. మారింది పిల్ల. కాబట్టి తప్పు పిల్లదే అనుకున్నారు. కోచ్ నడుము తిప్పు అన్నాడు. తండ్రి తల ఎత్తకు అన్నాడు. మన సంఘంలో ధ్యాస లేదు అన్నాం. పిల్ల మాత్రం ఎవరికీ చెప్పకుండా తనే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. బంతికి తగిలే క్షణంలో మణికట్లు విదిలించడం. విదిలిస్తే తల మూసుకుంటుంది, బంతి తిన్నగా పోతుంది. రోజుకు వంద బంతులు, వంద విదిలింపులు. ఆరు నెలలకు ఎడమ మణికట్టు నొప్పి. అది కూడా ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆట మాన్పిస్తారని భయం.

పోయిన నెల గ్రిప్పులు మార్పించుకోవడానికి ఒక్కతే వచ్చింది. పద్నాలుగేళ్లు, ఐదడుగుల నాలుగంగుళాలు. పాత గ్రిప్పులు కోసి తీస్తుంటే తమ్ముడు ఆగిపోయాడు. ఎడమ బొటనవేలు కింద రబ్బరు గుంట పడి ఉంది, దాదాపు లోపలి టేపు కనిపిస్తూ. అంత గట్టిగా పట్టుకునేవాళ్లు భయంతో పట్టుకుంటారు. “ఎందుకమ్మా ఇంత గట్టిగా పడుతున్నావు?” అని అడిగాం.

“లేకపోతే తిరిగిపోతుంది మామా.”

“ఏది?”

“కర్ర. అది నా మాట వినదు.”

అప్పుడు మణికట్టుకు ఉన్న క్రేపు బ్యాండేజీ చూశాం. చొక్కా చెయ్యి కింద దాచుకుంది.

ఆ రోజే మొదటిసారి మా తాత చెప్పిన పని చేశాం. షెడ్డు వెనక వల దగ్గర నిలబెట్టి పది బంతులు కొట్టించాం, నొప్పి ఉంటే ఆపమని చెప్పి. ఆరోదానికి ఆపింది. డ్రైవరు వేగం 78 మైళ్లు. తర్వాత ఆమె ఐదో నంబరు ఐరన్ తీసి తక్కెడలో పెట్టాం. ఈ తక్కెడ సంగతి కూడా చెప్పాలి. దీన్ని స్వింగ్ వెయిట్ తక్కెడ అంటారు. 1920లలో అమెరికాలో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన చేశాడు. కర్ర పై కొస నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి, తల వైపు ఎంత మొగ్గుందో చూస్తుంది. ఫలితం అక్షరం, అంకె. మగవాళ్ల కర్రలు డి0, డి1 దగ్గర, ఆడవాళ్లవి సి4, సి5 దగ్గర ఉంటాయి. పొడుగు అరంగుళం తగ్గితే సుమారు మూడు అంకెలు పడిపోతుంది. మూడంగుళాలు కోసినప్పుడు డి1 కాస్తా బి3కి పోయి ఉంటుంది. అప్పుడు మేం తూచలేదు. రెండంగుళాలు పొడిగించాక దగ్గర దగ్గర సి5. తక్కెడ ఆ రోజు సి4 పైనే చూపించింది. ఆడవాళ్ల కర్రకు ఉండాల్సిన అంకె అది!

అన్న “బాగానే ఉంది కదరా” అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క నిమిషం మాకు ఊపిరి వచ్చింది. తప్పు మాది కాదేమో అనుకున్నాం. తర్వాత మామూలు తూకం కాటాలో పెట్టాం, కూరగాయలు తూచే లాంటిది. షాఫ్టు ఒక్కటే 120 గ్రాముల దగ్గర. ఆ వేగానికి తగిన గ్రాఫైటు షాఫ్టు 60 గ్రాములు ఉంటుంది. స్వింగ్ తక్కెడ మొగ్గు చెబుతుంది, మొత్తం మోత చెప్పదు. అది అబద్ధం ఆడలేదు, మేం అడగాల్సింది అడగలేదు. ఒక్కో దెబ్బకు 60 గ్రాములు ఎక్కువ అంటే ఏముందిలే అనిపిస్తుంది. రోజుకు వంద దెబ్బలకు ఆరు కిలోలు. మూడేళ్లు. పద్నాలుగేళ్ల మణికట్టు.

పాప బల్ల మీద కూర్చుని మేం తూచేది చూస్తోంది. “నాదే తప్పేమో మామా, అందరూ అంటా ఉన్నారు” అంది. మేం “కాదమ్మా” అన్నాం. ఎవరిదో మాత్రం చెప్పలేదు. పది రోజులకు మీటింగుకు వచ్చి మజ్జిగ తాగి ఇంటికి పోయాం.

మీటింగు అయిన రాత్రి అమ్మకు చెప్పాం. అమ్మకు గోల్ఫ్ గురించి ఏమీ తెలియదు. అంతా విని, “కోసేటప్పుడు పిల్లను పిలిచినారా?” అని ఒక్కటే అడిగింది. పిలవలేదు. సభలో సర్‌ప్రైజుగా ఇవ్వాలని పిలవలేదు.

తెల్లారి ఇద్దరం వాళ్లింటికి పోయాం. క్యాడీ అన్న అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెప్పాం. మొత్తం, ఇక్కడ రాసినట్టే. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నేను దాన్ని కొట్టినాను అన్నా. ఒకసారి. బంతి చెట్లల్లో పోయినందుకు” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. ఈ మాట రాయడానికి ఆయన అనుమతి అడిగాం. రాయండి, ఇంకో తండ్రి చదవాల అన్నాడు.

డాక్టరు ఆరు వారాలు కర్ర ముట్టుకోవద్దన్నారు. ఆ ఆరు వారాల్లో సెట్టు తిరిగి చేశాం, మా ఖర్చుతో. తలలు బాగున్నాయి కాబట్టి అవే ఉంచాం. తల మెడను హీట్ గన్‌తో వేడి చేసి పాత ఇనుప షాఫ్టులు తీసేశాం. 60 గ్రాముల ఏ రకం గ్రాఫైటు తెప్పించి 37 అంగుళాలకు పెట్టాం. లెక్క ఇట్లా వేశాం: షాఫ్టు 60 గ్రాములు తేలిక కావడం వల్ల దాదాపు ఏడు అంకెలు, పొడుగు అంగుళం తక్కువ వల్ల ఆరు అంకెలు, మొత్తం పదమూడు పడిపోతుంది. గ్రిప్పు తొమ్మిది గ్రాములు తేలికది వేస్తే రెండు వెనక్కి వస్తాయి. తల లోపల షాఫ్టు కొసకు ఎనిమిది గ్రాముల బరువు పెడితే ఇంకో నాలుగు. డి1 నుంచి సి4కు వచ్చింది. తల కోణాలు రెండు డిగ్రీల చొప్పున ఆమె నిలబడే తీరుకు వంచాం. ఈసారి ప్రతి అడుగులో పాప పక్కనే ఉంది. పెన్సిలుతో అంకెలు ఆమే రాసింది. జిగురు ఆరడానికి ఒక రోజు ఆగాలంటే, “మూడేళ్లు ఆగినాను, ఒక్క రోజు ఆగలేనా” అని నవ్వింది. మేం నవ్వలేకపోయాం.

పోయిన శనివారం డాక్టరు సరే అన్నాక ఇరవై బంతులు కొట్టింది. మొదటి ఎనిమిది ఎడమకు పోయాయి, చాలా ఎడమకు. మణికట్టు విదిలించే అలవాటు పోలేదు కదా. కర్ర ఇప్పుడు మాట వింటోంది, ఆమె ఇంకా విననిదాంతో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. తొమ్మిదోది తిన్నగా లేచింది. ఎత్తుకు, మేం ఆ పిల్ల బంతి అంత ఎత్తు పోవడం ఎప్పుడూ చూడలేదు. అక్కడి నుంచి మళ్లీ నాలుగు ఎడమకు. కోచ్ చెప్పిన ప్రకారం పాత అలవాటు మరవడానికి ఎనిమిది నెలలో ఏడాదో పడుతుంది. ర్యాంకు వస్తుందో రాదో మేం మాట ఇవ్వలేం. మూడు ముఖ్యమైన ఏళ్లు పోయాయి. అవి తెచ్చి ఇచ్చే షాపు లేదు.

ఇప్పుడు సంఘాన్ని మేం అడిగేవి.

మొదటిది. పాపకు నిధి ఆపకండి. కనీసం ఇంకో రెండేళ్లు ఇవ్వండి. ధ్యాస లేని పిల్ల నొప్పి దాచుకుని రోజుకు వంద బంతులు కొట్టదు. నిధిలో డబ్బు చాలకపోతే వేరే పిల్లల వాటా తగ్గించవద్దు, ఈ రెండేళ్లకు పాప వంతు మేం కడతాం. మాటవరసకు అనడం లేదు, కోశాధికారికి చెప్పేశాం.

రెండోది. ఉగాది సభ ఫొటో కింద ఈ పోస్టు లింకు పెట్టండి. శాలువా ఫొటో ఒక్కటే ఉంటే అది సగం నిజం.

మూడోది పిల్లల తల్లిదండ్రులకు. పెద్దల కర్ర కోసి పిల్లలకు ఇవ్వకండి. మా దగ్గరికి తెచ్చినా ఇక కోయం. కోస్తే కర్ర పొట్టి అవుతుంది, పిల్లలది కాదు. ముందు బరువు చూడండి, తర్వాత పొడుగు, ఆ తర్వాతే బిరుసు. పిల్లలను చెప్పులు కొనేటప్పుడు తీసుకుపోయినట్టు తీసుకురండి. ఏడాదికి ఒకసారి మళ్లీ కొలిపించండి. మన సంఘం పిల్లలకు కొలతకు డబ్బు తీసుకోం. బాగా ఆడుతున్న పిల్ల ఒక్కసారిగా ఆడలేకపోతే పిల్లను తిట్టే ముందు చేతిలో ఉన్నది తూచండి.

నాలుగోది. మీ ఇళ్లల్లో, మీరు పనిచేసే చోట్ల వాడకుండా ఉన్న ఆడవాళ్ల సెట్లు, గ్రాఫైటు షాఫ్టులు ఉంటే చెప్పండి. మన వీధుల్లో ఇంకా ఐదుగురు పిల్లలు మేం కోసిన కర్రలతోనే ఆడుతున్నారు. పేర్లు మా పుస్తకంలో ఉన్నాయి. ఒక్కొక్కరి ఇంటికి పోతున్నాం. ఇద్దరి ఇళ్లు అయ్యాయి.

ఆదివారం మీటింగులో ముందు వరుసలో కూర్చుంటాం. అడగాలనుకున్నవాళ్లు అడగండి, తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి. పాప కూడా వస్తానంది. ఆమెను మాత్రం ఏమీ అడగకండి. కోసిన షాఫ్టు ముక్కలు, మూడంగుళాలవి ఏడూ, షెడ్డులో డబ్బాలో ఉన్నాయి. పారేయలేదు. తెస్తాం, చూద్దురు గానీ.